తాబేలు వీపు మీద నెలవంక

ఓర్లాండో పార్కులో రంగులరాట్నం నడిపే పెద్దాయన మెడలో వేలాడే పట్టీ నిండా బొమ్మల పిన్నులున్నాయి. సందర్శకులు తమ పిన్ను ఇచ్చి వాటిలో ఏదడిగినా ఆయన మార్చి ఇవ్వాల్సిందే. ఒకావిడ ఒక్కోదాన్నీ తిప్పి చూస్తోంది.

“అందరూ బొమ్మలు చూస్తారు. నువ్వేంటమ్మా, వాటి వీపులు చూస్తున్నావు?”

“ఆగండి... ఈ తాబేలు! వెనక సూదితో గీసిన నెలవంక. ఇది మా అక్క నోరీన్‌ది.”

“ఎవరైనా కొట్టేశారా?”

“అబ్బే. చిన్నప్పుడు మా పిన్నులు కలిసిపోకుండా తను నెలవంక గీసేది, నేను చుక్క పెట్టేదాన్ని. అమ్మ పోయాక పోట్లాడుకున్నాం. ఇప్పుడెక్కడుందో కూడా తెలీదు. ఇదెవరిచ్చారు?”

“మొన్న ఒకావిడ. ఆవిడా నీలాగే అన్నీ తిప్పి చూసింది.”

“ఏం వెతుకుతోందో చెప్పిందా?”

“లేదు. దొరక్క ఉసూరుమంటూ, ఈ తాబేలు ఇచ్చి ఏదో ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది.”

“...అయితే తాబేలుకి బదులు నా చేప తీసుకోండి. వెనక చుక్కుంది. దీన్ని మాత్రం మా అక్కకి తప్ప ఎవరికీ ఇవ్వకండి.”

“అడిగితే కాదనకూడదమ్మా. ఇక్కడి పద్ధతి.”

“మరెలాగండీ?”

“వీపు బయటికి తిప్పి పట్టీకి దారంతో కట్టుకుంటాలే. బొమ్మే కనబడని పిన్ను ఎవరికి కావాలి, ఆ చుక్క కోసం తిరిగే మనిషికి తప్ప?”