ఒట్టు తీయించుకొచ్చేలోపు

(పాము కరిచి చనిపోయిన ఆరేళ్ల సారలమ్మ గురించి, ఆమె తల్లి 1974 ఆగస్టు 19న గోదావరిఖనిలో సబ్ ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పగా రాసినది.)

నా పేరు అనసూర్య. భర్త పేరు ముత్యం. నా వయసు ఇరవై ఎనిమిది. ఏం పని చేస్తావని మీరు రెండుసార్లు అడిగారు. ఇంటి పనే చేస్తాను. మోటారు సైకిలు నడపడం వచ్చు గానీ అది పని కాదు, ఇష్టం. నా భర్త బొగ్గుబావిలో పనిచేస్తాడు. క్వార్టరులో మేమిద్దరం, మా అత్త ఐలవ్వ, నా కూతురు సారలమ్మ ఉండేవాళ్లం. నాకు పిల్ల ఒక్కతే.

మా అన్న సదయ్యకు చౌరస్తాలో మోటారు సైకిళ్లు బాగుచేసే షాపు ఉంది. పెళ్లికి ముందు నేను ఇంట్లో కంటే ఆ షాపులోనే ఎక్కువ ఉన్నాను. బండి అక్కడే నేర్చుకున్నాను. ఎవరూ తీసుకుపోని పాత జావా బండి ఒకటుంటే అన్న దాన్ని విప్పి, మళ్లీ బిగించి మాకిచ్చాడు. నా భర్తకు నేర్పబోతే రెండుసార్లు మురుగు మోరీలో పడ్డాడు. "నాకు భూమి లోపటి పనే నయం. నువ్వే నడుపు" అన్నాడు. అప్పటినుంచి మొదటి షిఫ్టుకు నేనే ఆయన్ను బావి దాకా దింపేదాన్ని. గేటు దగ్గర తోటివాళ్లు "ఏం ముత్యమన్నా, డ్రైవరమ్మ వచ్చిందా?" అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవాడు.

పిల్ల కూడా మా వెంట వచ్చేది. ఆయన్ను దింపి వచ్చేటప్పుడు దాన్ని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని గోదావరి ఒడ్డు దాకా పోయేదాన్ని. గాలికి దాని జుట్టంతా నా నోట్లో పడేది. ఆ రోజుల్లో నా అంత సంతోషంగా ఉన్న ఆడది ఈ కాలనీలో లేదు. ఈ మాట కేసుకు పనికిరాదంటే కొట్టేయండి.

పోయిన చలికాలంలో రైలు గేటు దగ్గర బొగ్గుపొడి మీద చక్రం జారింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. పిల్లకు గడ్డం పగిలి రెండు కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రం మా అత్త పిల్లను తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"నీకు బండి కావాల్నా, బిడ్డ కావాల్నా?" అంది.

"రెండూ కావాలె అత్తా" అన్నాను.

"రెండెట్ల వస్తయే? తల్లివి కావా నువ్వు? ఇగ బండెక్కనని దీని మీద ఒట్టు పెట్టు."

నా చెయ్యి పట్టుకుని ఆమే పిల్ల నెత్తిమీద పెట్టింది. నేను ఒట్టు పెట్టాను. మా అత్త చెడ్డది కాదు. నలుగురిని కని ముగ్గురిని మట్టిలో పెట్టిన మనిషి. ఆమె భయం ఆమెది.

ఆ తర్వాత బండి గోనెపట్టా కింద వాకిట్లోనే ఉంది. అప్పుడప్పుడూ తుడిచి, స్టాండు మీదే ఉంచి, పక్కన నిలబడి స్టార్టు చేసేదాన్ని. అట్లా చేస్తే ఎక్కినట్టు కాదు కదా. ఆ చప్పుడు వినగానే పిల్ల ఉరికొచ్చి సీటు మీదికి ఎగబాకేది. "అమ్మా, పోదాం" అనేది. ఒట్టు ఉన్నది బిడ్డా అంటే, "ఒట్టు ఎప్పుడు అయిపోతది?" అని అడిగేది. నాకు ఏడుపొచ్చేది. లోపలికి పోయి ఏదో పని చేసుకునేదాన్ని.

మొన్న 17వ తేదీ అంగడి రోజు. నా భర్త మొదటి షిఫ్టుకు నడిచి పోయాడు. అత్త ఆకుకూరల గంప ఎత్తుకుని అంగడికి పోయింది. తొమ్మిది దాటాక నేను పొయ్యి రాజేస్తూ, ఇంటి వెనక కుప్పలోంచి నాలుగు బొగ్గు పెళ్లలు తెమ్మని పిల్లను పంపాను. రోజూ తెచ్చేదే. రాత్రి వానకు కుప్ప తడిసి ఉంది. "అమ్మా" అని ఒక్క కేక వినపడింది. నాకంటే ముందు పక్కింటి మల్లక్క చేరుకుంది.

"అనసూర్యా, పురుగు ముట్టిందే" అంది. మా దగ్గర పాము పేరెత్తరు, పురుగంటారు. అది నాగుపాము. కుప్పలోకి దూరుతుంటే నేనూ చూశాను. పిల్ల కుడి మణికట్టు మీద రెండు గాట్లు ఉన్నాయి. మల్లక్క తన కొంగు చింపి పైన కట్టింది.

దవాఖాన అక్కడికి నాలుగు కిలోమీటర్లు. మా క్వార్టర్ల లైన్లో మగవాళ్లంతా డ్యూటీలో ఉన్నారు. రిక్షాలన్నీ అంగడి దగ్గరే ఉంటాయి. బండి వాకిట్లో ఉంది. పెట్రోలు ఉంది. "బండి తియ్యవే, ఏం చూస్తున్నవ్?" అని మల్లక్క అరిచింది. నేను పిల్లను ఆమె ఒళ్లో పెట్టి, బండి పక్కనుంచే అంగడికి పరుగెత్తాను.

ఎందుకని అడుగుతున్నారు. అది పిల్ల నెత్తిమీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు సార్. తప్పితే ఎవరి మీద పెట్టామో వాళ్లు పోతారు. మామూలు రోజైతే తెగించేదాన్నేమో. విషం ఎక్కుతున్న పిల్ల మీద ఒట్టు ఎట్లా తప్పను? పెట్టించినవాళ్లే దాన్ని తీయాలి. ముందు ఒట్టు తీయించాలి, తర్వాత బండి ఎక్కాలి. నా బుద్ధికి అంతే తోచింది. పిల్లను బతికించుకోవడానికే పరుగెత్తాను. బతికించుకోవడానికే.

అంగడి రెండు కిలోమీటర్లకు తక్కువ ఉండదు. జనంలో అత్తను వెతకడానికే చాలాసేపు పట్టింది. ఆమె తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతోంది. "అత్తా, సారకు పురుగు ముట్టింది. ఒట్టు తియ్యి" అన్నాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థం కాగానే గంప తన్నుకుని లేచింది.

"తీసిన బిడ్డా, తీసిన. ఒట్టు తీసి గట్టున పెట్టిన. ఓ నా తల్లీ, దీనికోసం ఇంత దూరం ఉరికొచ్చినవా?" అని నెత్తి బాదుకుంది. ఆ మాటతో నాకు తెలివొచ్చింది.

రిక్షాలో ఇంటికి వచ్చేసరికి పిల్ల రెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. నేను గోనెపట్టా లాగేసి బండి తీశాను. అత్త పిల్లను ఒళ్లో పట్టుకుని నా వెనక కూర్చుంది. ఆమె బండి ఎక్కడం అదే మొదలు. నేను గతుకులకు కొంచెం నెమ్మదిస్తే, "జల్ది పో బిడ్డా, ఇంకా జల్ది" అని నా వీపు మీద కొట్టింది. ఏడెనిమిది నిమిషాల్లో దవాఖానలో ఉన్నాం. డాక్టరు గారు సూదులు ఇచ్చారు, ఊపిరి అందించారు, చేయగలిగిందంతా చేశారు. కరిచి ఎంతసేపయిందని అడిగితే గంట దాటిందని అత్త చెప్పింది. ఆయన మళ్లీ పిల్ల మీదికి వంగాడు. నన్ను తిట్టినా బాగుండేది. పదకొండున్నరకు పిల్ల పోయింది.

బావిలోకి కబురు పంపితే నా భర్త మసి బట్టలతోనే వచ్చాడు. పిల్లను చూశాడు. "ఇంట్ల బండున్నది కదా, అనసూర్యా?" అన్నాడు. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు.

అత్త మీద కేసు పెట్టాలని మా అన్న అంటున్నాడు. నేను ఒప్పుకోను. పిల్ల చావులో నాకు ఎవరి మీదా అనుమానం లేదు. రెండు రోజులుగా అత్త ముద్ద ముట్టలేదు. నేను పెడితేనే నాలుగు మెతుకులు తిన్నది.

ఇంకొక మాట. పిల్ల బండి మీదనుంచి పడి చచ్చిందని కాలనీలో కొందరు అంటున్నారట. ఇందాక స్టేషన్ బయట మా అన్న నన్ను పక్కకు పిలిచి, "నీకు లైసెన్సు లేదు. బండి నేను నడిపిన అని చెప్త, నువ్వు గమ్మునుండు" అన్నాడు. నా మంచికే అన్నాడు. కానీ అట్లా రాయకండి సార్. బండి నడిపింది నేనే. లైసెన్సు లేదని కూడా రాయండి, ఏ శిక్ష వేసినా పడతాను. నా బిడ్డను దవాఖానకు తీసుకుపోయింది దాని తల్లేనని ఒక్క కాగితం మీదైనా ఉండాలి. ఆలస్యంగా తీసుకుపోయిందని దాని పక్కనే రాయండి.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. ఏడో తరగతి దాకా చదువుకున్నాను కాబట్టి సంతకం చేస్తున్నాను.

(సంతకం) అనసూర్య, సారలమ్మ తల్లి