మా అక్క కొలతకి అల్లిన స్వెటర్

సభకి అధ్యక్షత వహిస్తున్న మా పాత జనరల్ మేనేజర్ గారికి, వేదిక మీద ఉన్న మా యజమాని గారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకి, వెనక వరసల్లో కూర్చుని ఈ ప్రసంగాలు ఎప్పుడు తెముల్తాయా అని తలుపు వైపు చూస్తున్న నా తోటి పనివాళ్లకి, మా ఆయనకి, మూడో వరస చివర కూర్చున్న మా అక్కకి, అందరికీ నమస్కారం.

రిటైరయ్యేవాళ్లు మైకు పట్టుకుని, గొంతు పూడుకుపోతోంది, మాటలు రావట్లేదు అంటారు. నాకు వస్తున్నాయండీ. కావలసినదానికంటే ఎక్కువే వస్తున్నాయి. ఇందాకటినుంచి పళ్ల బిగువున పట్టుకుని కూర్చున్నాను, ఎందుకంటే నాకు చాలా కోపంగా ఉంది. (నవ్వులు) మీరు నవ్వుతారని తెలుసు, సన్మానం రోజున కోపమేమిటి, ఈవిడకి మొదటినుంచీ నోరు ఎక్కువే అనుకుంటారు. అనుకోండి. నేను అన్నీ చెప్పాకే ఈ వేదిక దిగుతాను.

ముందు ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చేస్తాను. మీరు ఇచ్చిన పూలగుత్తి బావుంది, గడియారం బావుంది, దాని మీద నా హోదా తప్పుగా రాశారు, అయినా ఇక ఆ హోదా లేదు కాబట్టి పర్వాలేదు. క్యాంటీన్ అమ్మ నాకోసం రోజూ చక్కెర లేని టీ పక్కన పెట్టేది, ఆవిడకి నేను రుణపడి ఉన్నాను. మాట వరసకి అనట్లేదు, ఆ టీ లేకపోతే కొన్ని మీటింగుల్లో నేను ఎవరినో ఒకరిని కొట్టి ఉండేదాన్ని.

అధ్యక్షులవారు నా గురించి ఎంతో ప్రేమగా మాట్లాడారు. "ఆవిడ ఇంటికెళ్లినా సంస్థ గురించే ఆలోచించే మనిషి, అక్కడ కూడా రాట్నం ముందేసుకుని మనకి డిజైన్లు చేస్తూనే ఉంటుంది" అన్నారు. అయ్యా, మీరు పెద్దవారు, మీ మాట కాదనడం బాగుండదు, కానీ ఇంట్లో నేను ఈ సంస్థ గురించి ఆలోచించిన పాపాన పోలేదు. (నవ్వులు) గేటు దాటానంటే మీరెవరో నేనెవరో. ఇంటికెళ్లి, మొహం కడుక్కుని, ముందు గదిలో కిటికీ పక్కన రాట్నం దగ్గర కూర్చుంటాను. పక్కన బుట్టలో ఉన్ని. అది దువ్వుతుంటే గదంతా గొర్రె వాసన కొడుతుంది, మా ఆయన వచ్చి కిటికీ తీస్తారు, నేను చలి అని మూస్తాను, ఆయన మళ్లీ తీస్తారు, మా కాపురం ఇన్నాళ్లూ అలాగే నడిచింది. వేళ్ల మధ్యనుంచి ఉన్ని జారి దారమవుతుంటే, పొద్దుటినుంచి మీరందరూ నా నెత్తిన రుద్దిన చిరాకు కూడా దాంతోపాటే కదురుకి చుట్టుకుపోయేది. ఒక్కోరోజు పురి మరీ ఎక్కువైపోయి దారం మెలికలు పడేది. అవి మీటింగులున్న రోజులు. (నవ్వులు)

చాలామంది అడిగారు, మన గోడౌన్లో దారం గుట్టలుగా పడుంటే ఇంట్లో కూర్చుని వడుక్కోవడమేమిటి అని. నాకు బావుంటుంది కాబట్టి వడుకుతాను. అంతకు మించి కారణం లేదు, ఉండాలని కూడా నేననుకోను. ఒక మనిషికి ఒక పని ఇష్టమని తెలిస్తే చాలు, దాన్ని ఎక్కడ పెట్టి అమ్ముదామా అని చూస్తారు జనం. ఆ చూపు నాకు పడదు. యజమాని గారూ, మీ వైపు చూస్తూనే అంటున్నాను.

ఈ సంస్థలో నేను చేసిన స్వెటర్లన్నీ సగటు మనిషికి. మన డిజైన్ గదిలో మూల నిలబడి ఉంటుందే బొమ్మ, తలా చేతులూ లేకుండా, రెండు భుజాలూ స్కేలు పెట్టి గీసినట్టు సమంగా, దానికే ఇన్నేళ్లూ తొడిగాను, విప్పాను. అలాంటి మనిషి నాకు వీధిలో ఒక్కరు కూడా తగల్లేదు. ఇంట్లో అల్లేటప్పుడు మాత్రం ఒక మనిషికే అల్లుతాను. మా ఆయనకి పొట్ట ఉంది, దానికి చోటు పెడతాను. (నవ్వులు) మా మరిదికి మెడ దగ్గర గుచ్చుకుంటే పడదు, అక్కడికి మెత్తటి ఉన్ని ఏరి వేరే వడుకుతాను. సరిగ్గా కుదరకపోతే విప్పేస్తాను, మళ్లీ అల్లుతాను, ఎవరూ గడువు అడగరు. నాకు ఆ పనిలో ఉన్న సుఖమంతా అదే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇవాళ నేను హాల్లో అడుగు పెట్టగానే లైట్లు వెలిగాయి, మీరందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు, అందరి ఒంటి మీదా ఒకే స్వెటర్. బూడిద రంగు, మెడ చుట్టూ ముదురు ఎరుపు గీత. అది నేను మా అక్కకోసం ఉన్ని దువ్వి, వడికి, రంగేసి, అల్లింది. లోకంలో ఒక్కటే ఉండాల్సింది హాలు నిండా ఉంది. మీరు చప్పట్లు కొట్టారు, నేను గోడ పట్టుకున్నాను. పాపం ఆనందం తట్టుకోలేకపోతోంది అని ఎవరో అనడం కూడా నాకు వినిపించింది.

అది మీ చేతికెలా వచ్చిందో మూడు ముక్కల్లో చెప్తాను. చేతి అంచు దగ్గర దారం లేచిందని, బాగుచెయ్యమని అక్క నాకిచ్చింది. నేను బీరువాలో పెట్టాను. మా ఆయన తీసి సంచిలో వేసుకుని మన శాంపిల్ రూం మాస్టర్ గారికి ఇచ్చి, పని అయ్యాక తెచ్చి, చక్కగా మడతపెట్టి ఉన్నచోటే పెట్టేశారు. పెళ్లయ్యాక ఆయన ఒక బట్ట మడతపెట్టడం అదే మొదలు, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. (నవ్వులు) ఆయన ఉద్దేశం మంచిదే. ఆయన ఉద్దేశాలన్నీ మంచివే, వాటితోనే నేను వేగలేక చస్తున్నాను. ఏమండీ, నేలచూపులు చూడకండి, అందరూ మిమ్మల్నే చూస్తున్నారు.

మాస్టర్ గారేమో, "మేడం చేతిపని, ఒక్క కుట్టు అటూ ఇటూ కావడానికి వీల్లేదు" అని కూర్చుని, వరస వరసా చూసి మిషన్‌కి ఎక్కించారు. ఎడమ పక్క వరసలు తక్కువున్నాయి, పొరపాటేమో అని పక్కవాళ్లంటే, "ఆవిడకి తెలీదా, నీకు తెలుసా" అని కసిరారట. ఎడమ భుజం దగ్గర నేను దారం కాస్త లావుగా, పురి తక్కువగా వడికాను, పొంగి నిలబడాలని. మిల్లు దారంలో ఆ లావు రాదు కాబట్టి అక్కడ రెండు పోగులు కలిపి వేశారు. మాస్టర్ గారూ, మీ మీద నాకు కోపం లేదు. నా మీద గౌరవం ఎక్కువై మీరు చేసిన పని ఇది. కానీ ఒక్కసారి లేచి హాలంతా చూడండి. ఇందాకటినుంచి నేను ఇక్కణ్నుంచి చూస్తూనే ఉన్నాను, ప్రతివాళ్లూ ఎడమ పక్క అంచు కిందికి లాక్కుంటున్నారు, మాట మధ్యలో ఎడమ భుజం సర్దుకుంటున్నారు. అందరికీ ఆ భుజం మీద చిన్న గుట్ట లేచింది, ఆ పక్క స్వెటర్ నడుం పైకి పోయింది. యజమాని గారు దాన్ని ఏటవాలు స్టైల్ అన్నారు. వచ్చే చలికాలానికి అన్ని షాపుల్లోకీ వస్తుంది, మెడ వెనక లేబుల్ మీద నా పేరుంటుంది, సంస్థ నాకిచ్చే కానుక ఇదే అని మైకులో చెప్పారు.

స్టైలేమిటండీ. అది మా అక్క భుజం.



మా అక్కకి పుట్టుకనుంచీ ఎడమ భుజం కిందికి ఉంటుంది. ఆవిణ్ణి ఎదురుగా పెట్టుకుని అంత మాట అనేసిందేమిటి అని మీలో కొందరు తల దించుకున్నారు. దించుకోకండి, చెప్పమన్నది అక్కే. ఇందాక మీరందరూ టీ తాగుతున్నప్పుడు నన్ను చెయ్యి పట్టి పక్క గదిలోకి లాక్కెళ్లింది. "ఎవరిని చూసినా నా భుజమే కనిపిస్తోందే" అంది. నేనేమో, అక్కా, ఎవరికీ ఏమీ తెలీదు, నేను తర్వాత యజమాని గారితో మాట్లాడతాలే అన్నాను. "తెలీకపోతే తెలీకపోనీ. కానీ రేపు అది బజారంతా వేసుకుని తిరిగితే నేను ఇంట్లోంచి కాలు బయట పెట్టలేను. నాకు దాచి దాచి విసుగొచ్చింది, చెప్పెయ్యి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా" అంది. మా అక్క నాకన్నా మెత్తని మనిషి. ఆ మనిషి చేత ఆ మాట అనిపించారు మీరు. నా కోపం దానికి.

చిన్నప్పుడు అమ్మ మా ఇద్దర్నీ బట్టలు కుట్టే దుకాణానికి తీసుకెళ్లింది. అక్కడి దర్జీ అక్కకి టేపు పెట్టి, లోపలున్నవాడికి వినపడేలా, "ఈ పిల్లకి భుజానికొక కొలత రాసుకోవాలిరా" అని అరిచాడు. దుకాణంలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. ఆ రోజునుంచి అక్క ఇంకెవరినీ టేపు దగ్గరికి రానివ్వలేదు. దొరికినవి కొనుక్కుని, పైన ఏదో ఒకటి కప్పుకుని, ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటర్ వెనక కుర్చీలోనే గడిపింది. ఎవరైనా ఫొటో తీస్తామంటే వెనక్కి వెళ్లి నిలబడేది. నేను రోజంతా ఇక్కడ ఆ తల లేని బొమ్మకి రకరకాలు తొడుగుతూ, ఇంట్లో సొంత అక్కకి ఒంటికి పట్టేది ఒక్కటీ లేదని చూస్తూ ఉండేదాన్ని.

అందుకని మొదలుపెట్టాను. టేపు పెట్టలేదు. అల్లినంత అల్లి, ఒకసారి వేసుకోవే అనడం, ఎక్కడ జారుతోందో చూడటం, విప్పడం, మళ్లీ అల్లడం. ఎడమ పక్క వరసలు తగ్గించాను. భుజం మీద పల్లం నిండడానికి దారం లావుగా వడకాలని చూస్తే ఎప్పుడూ సన్నగా వడికిన చేతికి లావు రాదే, ఉన్ని ఎంత పాడుచేశానో మా ఆయన్ని అడగండి. ఆ చలికాలమంతా నా సాయంత్రాలు దానికే పోయాయి, అంత హాయిగా నేను ఏ పనీ చెయ్యలేదు. అయ్యాక అక్క వేసుకుని అద్దం ముందు నిలబడింది. పక్కకి తిరిగింది, ముందుకి తిరిగింది. "ఏం చేశావే" అంది, అంతే. రెండు భుజాలూ ఒక్క తీరుగా ఉన్నాయి. ఆ తర్వాతనుంచి పోస్టాఫీసులో కౌంటర్ దాటి బయటికొచ్చి, నిలబడి జనంతో మాట్లాడటం మొదలుపెట్టింది. అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్తారు, మీ అక్కగారు ఉన్నట్టుండి కబుర్ల మనిషి అయిపోయారు అని.

అదండీ మీరు వేసుకున్నది. మా అక్క భుజం ఎంత కిందికుందో, సరిగ్గా అంత మీ అందరి భుజాలూ పైకి లేచి కూర్చున్నాయి. ఇన్నేళ్లు ఎవరికీ కొలవనివ్వని దాన్ని మీరు హాలంతా కొలిచి చూపించారు, పైగా ఆవిడ్ని ముందుకి వచ్చి కూర్చోమన్నారు.

యజమాని గారూ, అది షాపుల్లోకి రాకూడదు. దాని మీద నా పేరూ ఉండకూడదు. ఉద్యోగి చేసిన డిజైన్ సంస్థదే అని మీ మనసులో ఉంటే వినండి, అది నా ఇంట్లో, నేను వడికిన దారంతో, నా అక్కకి అల్లింది. ఇక్కడ నేను చేసిన సగటు మనిషి స్వెటర్లన్నీ మీవే, ఉంచుకోండి, వాటిలో ఒక్కదాని గురించీ నేను అడగను.

(యజమాని గారు లేచి, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందామన్నారు.)

తర్వాత ఎప్పుడండీ? రేపట్నుంచి గేటు దగ్గర నన్ను లోపలికి పంపడానికి మీ సంతకం కావాలి. ఇప్పుడే చెప్పండి. ఇదిగో మైకు.

(యజమాని గారు మైకు తీసుకోకుండానే ఏదో అన్నారు.)

వెనక వరసవాళ్లకి వినపడలేదు.

("రాదమ్మా. షాపుల్లోకి రాదు. నాకు తెలీదు" అన్నారు యజమాని గారు, మైకులో. చప్పట్లు.)

చప్పట్లెందుకు, అది ఆయన చెయ్యాల్సిన పనే. (నవ్వులు) థాంక్సండీ. దీంతో నా కోపం పోయిందనుకోకండి, సగమే పోయింది. మిగతా సగం ఇంటి దగ్గర మా ఆయన కోసం ఉంచుకున్నాను.

మీరందరూ వెళ్లేటప్పుడు ఆ స్వెటర్లు విప్పి తలుపు దగ్గర బల్ల మీద పెట్టి వెళ్లండి. బయట చలిగా ఉందని నాకు తెలుసు, అయినా పెట్టి వెళ్లండి. నా చేత్తో అల్లింది కావాలన్నవాళ్లు మా ఇంటికి రండి. వచ్చి, నా ఎదురుగా నిలబడి, మీ ఒంట్లో ఏది ఏ పక్కకి ఉందో చూపించండి. మాస్టర్ గారూ, మీరు మెడ ముందుకి వంచి నడుస్తారు, మీకు ఎలా అల్లాలో నాకిప్పటికే తెలుసు. మిగతావాళ్లు సిగ్గుపడకండి, నాకిక తీరికే.

మమ్మల్ని ఇంటి దగ్గర దింపడానికి కారు పెట్టారట. పూలగుత్తినీ గడియారాన్నీ మా ఆయన్నీ అందులో పంపించండి. నేనూ అక్కా నడిచి వెళ్తాం. వీధిలో ఎప్పుడు నడిచినా ఎడమ పక్క నాది, చిన్నప్పుడు బడికి వెళ్లిన నాటినుంచీ అంతే, ఆ పక్కనుంచి ఎవరూ చూడకుండా. ఇవాళ ఎలాగూ అందరికీ తెలిసిపోయింది కాబట్టి, అక్కా, కుడి పక్కన నడుస్తాను.

విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. సెలవు.