దారి తప్పలేదు

రియాద్, 1991 మార్చి. యుద్ధం ఆగి రెండు వారాలయింది. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంట్లో డ్రైవరు మహబూబ్ సుభాని, అదే ఇంట్లో పనిచేసే అతని భార్య ఖాసింబీ, విషవాయువు రాకుండా ఒక గది కిటికీలకు వేసిన టేపు గీకుతున్నారు. యుద్ధకాలమంతా కఫీల్ కుటుంబం, పిల్లల్ని చూసుకునేందుకు ఖాసింబీని వెంటబెట్టుకుని ఇటలీలో ఉండి వచ్చింది; మహబూబ్ ఇక్కడే ఉండిపోయాడు.

"ఒక్క మాట మే, ఖాసింబీ. దారి తప్పినాను, మాఫ్ చేయండి అను. అయిపోతాది."

"తప్పలేదు గదా. ఎట్లంటాను?"

"తప్పకపోయినా అను."

"నువ్వను."

"నేనేమన్నా ఇటలీకి పోయినానా?"

"పోలేదు గదా. మరి నోరు మూసుకోని గీకు."

"సార్ గట్టిగా చెప్పినాడు. కాఫీ టైముకి అందరి ముందరా మాఫీ అడగాల. లేకుంటే నీకు ఖురూజ్. కాగితం చేతిలో పెట్టి ఇండియా విమానం ఎక్కిస్తాడు."

"ఎక్కించనీ."

"నిన్ను ఈడికి తెప్పించేదానికి రెండేండ్లు ఆయన కాళ్ళు పట్టుకున్యా. నువ్వు పోతే నేనీడ ఒక్కణ్ణే అయిపోతా. అది ఆలోచించినావా?"

"మేడమ్ ఏమని చెప్పిందంట సార్‌తో?"

"నువ్వు పారిపోయేదానికి చూసినావని."

"పారిపోయేదాన్నయితే తిరిగొస్తానా?"

"అసలేం జరిగిందో నువ్వు చెప్తే గదా! వచ్చి నాలుగు రోజులయింది, నోరిప్పవు."

"నువ్వడగలేదు. మాఫీ అడుగు, మాఫీ అడుగు, అదే పాట."

"ఇప్పుడడుగుతాండా. చెప్పు."

"మేముండేది మిలాన్‌లో గదా. ఒక పొద్దు కారు మాట్లాడుకోని ఒక ఊరు చూసేదానికి పోయినాం. పెద్ద చెరువు. చూస్తే అవతలి గట్టు కనపడదు. ఆ నీళ్ళలోనే కోట. మన సిద్ధవటం కోటను పెన్న వొడ్డు నుంచి ఎత్తకపోయి నీళ్ళలో దించినట్ల. లోపలికి చెక్క వంతెన. వందల ఏండ్ల నాటి ఊరంట. సందులు ఎంత ఇరుకంటే చంటిదాని బండి పట్టల్యా."

"అంత ఇరుకు సందులయితే దారి తప్పేది మామూలే! అదే చెప్పు సార్‌కి."

"మళ్ళా అదే మాట!"

"సరే సరే. తర్వాత?"

"పండ్లు కొట్టుకునే చలి. పిల్లోళ్ళకు ఐస్‌క్రీమ్ కావాలంట. అంగట్లోకి పోతే టీవీ. టీవీలో రియాద్. మిస్సైల్ పడి సగం కూలిపోయిన బిల్డింగు. వాళ్ళ భాషలో రియాద్ అనే ముక్క ఒకటే నాకు తెలిసింది."

"అది మన దిక్కు గాదు. శానా దూరం."

"నాకెట్ల తెలుస్తాది? ఒక్క ఫోను చేయండమ్మా అని మేడమ్‌ను అడిగినా. 'నీ మొగుడు లోపల టేపేసిన గదిలో భద్రంగా ఉండాడు, ఫోను పక్కనే ఉంది, పోయి పిల్లల్ని చూసుకో' అనింది. కోట ముందర ఫొటో దిగుతా చెప్పింది ఆ మాట."

"మంచి మాటే గదా చెప్పింది."

"రెండోసారి అడిగినా. ఇనలేదు. పిల్లోళ్ళను ఆమె పక్కన కూర్చోబెట్టి, ఫోనుకు పోతాండా అని చెప్పే పోయినా. దారి తప్పినోళ్ళు చెప్పి పోతారా?"

"భాష రాకుండా ఫోనెట్ల చేసినావు?"

"ఆ అంగడామెకు టీవీ చూపించినా, నా మెడలో నల్లపూసలు చూపించినా. అంతే, తెలిసిపోయింది ఆమెకు. ఈ ఇంటి నంబరు నాకు నోటికొచ్చు గదా, వేళ్ళతో చూపిస్తే ఆమే తిప్పింది. కుర్చీ గూడా ఏసింది."

"ఆ మూల టేపు ఉండిపోయింది, చూడు."

"ఉండనీ. మోగింది. మోగుతానే ఉంది. మళ్ళా తిప్పింది. మళ్ళా. గంట సేపు. ఫోను పక్కనుండే మనిషి తీయలేదంటే నేనేమనుకోవాల? నువ్వు సచ్చిపోయినావనుకోని ఆ కోట రాళ్ళ మీద కూర్చోని ఏడ్సినా. దానికి మాఫీ అడగాల్నా?"

"నిద్రపోయింటా."

"పట్టపగలు, గంట సేపా?"

"ఆ గీకుడు బిళ్ళ ఇట్ల ఇయ్యి."

"ఇయ్యను. ఈ గదిలో యాడ పండుకున్యావు?"

"ఈడే. ఆ గోడ కాడ."

"ఆ గోడ కాడ తివాచీ చుట్టినది చుట్టినట్లే ఉంది, దుమ్ము పట్టి. నీళ్ళ డబ్బా ఒక్కదానికీ మూత తీయలేదు. యుద్ధమైన నెలన్నర ఏం తాగినావు?"

"కొళాయి నీళ్ళు."

"యాడి కొళాయి?"

"జరుగు మే, ఆ మూల టేపు గోటితో గీకుతా."

"నిన్నే. యాడి కొళాయి?"

"గేటు కాడిది. నాకు తాళాలు ఇయ్యలేదు మే. ఇల్లంతా తాళమేసుకోని పోయినారు. నేను గేటు కాడ నా రేకుల గదిలోనే ఉండా. సైరన్ మోగితే మూతికి తడిగుడ్డ కట్టుకోని మంచం కింద దూరేవాణ్ణి."

"ఎయిర్‌పోర్టులో నాతో చెప్పినావే, తాళాలు నాకే ఇచ్చినారని!"

"నువ్వు దిగులు లేకుండా పోతావని."

"అంటే ఆ ఫోను..."

"విన్యా. ఉరుక్కుంటా వచ్చి ఈ కిటికీ కాడ బయట నిలబడినా. అంత సేపు నా కోసరం ఇంకెవురు చేస్తారు? నువ్వేనని తెలుసు. అద్దం మీద చెయ్యి పెట్టి, ఉండా మే, బతికే ఉండా అని అరిచినా. మోగినంత సేపూ అరిచినా."

"పగలగొట్టాల్సింది ఆ అద్దం!"

"భయపడినా. సార్ అద్దం గదా. మిస్సైల్ కన్నా దానికే ఎక్కువ భయపడినా."

"ఏడవాకు. ఊరుకో. నువ్వుండావు, నాకది చాలు."

"బెల్లు కొడతాండారు."

"కాఫీ టైము. నేనొక్కదాన్నే పోయి చెప్తా, దారి తప్పలేదని. నువ్వు ఈడే ఉండు."

"ఆగు, నేనూ వస్తా."

"నువ్వొచ్చి ఏం చేస్తావు? మళ్ళా మాఫీ అడగమంటావా?"

"లేదు. ఖురూజ్ కాగితాలు రెండు రాయమంటా."