లోపలి గొళ్లెం

తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తుల దగ్గర చెయ్యి ఇంకా ఆగుతుంది. ఈ కాస్త రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

నేను అక్షరాలు దిద్దకముందు, చెరువు తెగి ఇళ్లు మునిగిన ఐదో రోజు పొద్దున. సిద్దిపేట దగ్గర ఒక బడిలో పెట్టిన క్యాంపు. ఇన్‌చార్జి మధుసూదన్ బల్ల ముందు పోచవ్వ నిలబడి ఉంది.

"గొళ్లెం, సారు."

"బియ్యం అందినయా?"

"అందినయి. గొళ్లెం సంగతి..."

"దుప్పట్లు?"

"అందినయి సారు. ఆడోళ్ల బాత్రూం తలుపుకు గొళ్లెం."

"మూడు దినాల సంది అడుగుతుంటివని పొద్దున్నే పెట్టించిన గద."

"బయట పెట్టిన్రు. మేం అడిగింది లోపల."

"బయటైతేంది, లోపలైతేంది? గొళ్లెం గొళ్లెమే. అది ఇడువు. గీ నీళ్ల బాటిళ్లు చూడు. మొగోళ్ల దిక్కు అయిపోయినయి, మీ దిక్కు డబ్బాలకు డబ్బాలు మిగిలినయి. మీ ఆడోళ్లకు దూప గాదా?"

"అయితది."

"మరి తాగరేంది?"

"తాగితే పోవాలె గద, సారు."

"ఏడికి?"

"గొళ్లెం లేని కాడికి. మా ఊరి పిల్ల వందన నిన్న కండ్లు తిరిగి పడ్డది. ఎండదెబ్బ అని రాసుకున్నరు. గింత వానల ఎండదెబ్బేంది, సారు?"

"రాసింది క్యాంపు నర్సు, నేను గాదు. ఆ పిల్లకు ఏమన్న అయిందా?"

"ఏం గాలే. గొళ్లెం లేదని ఫిర్యాదు రాసుకోన్రి."

"ఏం గాకుంటే ఫిర్యాదు ఎట్ల రాస్త?"

"అయినంకనే రాస్తరా?"

"అట్ల గాదవ్వా. గీ కాగితంల ఉన్నది. ఎవరికి అయింది, ఎవడు చేసిండు, ఇద్దరి పేర్లు, సంతకం. పేరు లేకుంటే పైకి పోదు."

"నిన్న ఒక పిల్ల తానం చేస్తుంటే ఎవడో తలుపు నూకి చెయ్యి లోపల పెట్టిండు."

"వందననేనా?"

"ఒక పిల్ల అంటున్న."

"మరి ఏం గాలే అంటివి?"

"పిల్ల గట్టిది. తలుపు ఎనుకకు నూకింది. వాని చేతి ఏళ్లు నడుమ పడి నలిగినయి. అరుసుకుంట ఉరికిండు. మొఖం చూడలే."

"తోడు పోవద్దా మీరు?"

"పోతనే ఉన్నం. ఒకరు లోపలికి పోతే ఇద్దరం చీర అడ్డం పట్టుకోని నిలబడుతున్నం. చీర పట్టుడే పనైంది మాకు. నిన్న గా యాళ్లకు మీరే పిలిచిన్రు. బిస్కిట్లు వచ్చినయి, అందరు రావాలె, ఫోటో దిగాలె అని."

"పైనోళ్లు అడిగిన్రు ఫోటో. నేనేం జెయ్యాలె?"

"దిగినం గద. నేను ముందు లైన్లనే ఉన్న. చీర పట్టేటందుకు ఎవరు లేరు."

"సరే, సరే. కోపం జెయ్యకు. గందుకే బయట పెట్టించిన గొళ్లెం. బయటైతేనే తాళం పడుతది. పనిలేనోడు పోడు. మీకు అవసరమైనప్పుడు అడిగి తీపిచ్చుకోవాలె."

"ఎవర్ని అడగాలె?"

"శైలేందర్‌ను. బియ్యం పంచేటాయన లేడా? తాళంచెవి ఆయన తాననే పెట్టిన. నిమ్మలమైన మనిషి. పాపం, ఏళ్లకు కట్టు కట్టుకోని గూడ తానే స్క్రూలు బిగించిండు."

"కట్టేంది?"

"నిన్న నలిగినయట. బియ్యం బస్తా పడ్డదన్నడు."

"నిన్న బస్తాలు రాలే, సారు. బిస్కిట్లే వచ్చినయి. మీరే పంచిన్రు. ఫోటోల సుత ఉన్నరు."

"ఆగవ్వా. జర ఆగు. ఊకె ఒకరి మీద ఎట్ల..."

"మూడు దినాలు ఆగిన. కాగితం తియ్యున్రి. నాకు రాయరాదు, వేలిముద్ర పెడత. పిల్ల పేరు కాడ నా పేరు ఏసుకోన్రి. చేసినోని పేరు కాడ, తాళంచెవి ఎవని తాన ఉన్నదో వాని పేరు."

పోచవ్వ, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు సిద్దిపేటలో, బిడ్డ రోజారాణి ఇంటి పక్కన కిరాయి గదిలో ఉంటున్నాను.