పగిలిన సరుకు ఎవరిది?

(జిద్దా రేవు దగ్గరి గోదాములో యాదగిరి సరుకు సరిచూసే చెకర్. పెళ్లయి నాలుగు నెలలు. కోరుట్ల నుంచి భార్య శ్రీలత ఫోను.)

"బావా, అచ్చింది! వీసా అచ్చింది! మూడు నెలలు! మెసేజ్ చూసి అమ్మ ముందట్నే ఎగిరి దుంకిన."

"మంచిది."

"మంచిదా? గంతేనా? సూట్‌కేసు గూడ సర్దిన. విమానం దిగంగనే కట్టుకుంటనని పసుపు చీర అన్నిటికంటె పైన పెట్టిన."

"సంతోషమే లతా. డ్యూటీల ఉన్న."

"ఇయ్యాల శుక్రవారం. నీకు డ్యూటీ ఎక్కడిది?"

"నిన్న సరుకు పగిలింది. రిపోర్టు రాయాలె."

"ఏం సరుకు?"

"వాష్‌బేసిన్లు. నలభై."

"అయ్యో! ఆఁ, ఆగు ఆగు, నీకొకటి చెప్పాలె. నిన్ననే చదివిన. యావరేజ్ అంటం గద? నా మార్కులు యావరేజ్, నా కూర యావరేజ్..."

"నీ కూర యావరేజ్ కాదు."

"బిస్కట్లు వెయ్యకు. ఆ మాట మొదట్ల పాడైన సరుకుకు పేరట! మీ అరబ్బుల మాటే. అవార్."

"ఇక్కడ తాలిఫ్ అంటరు. రిపోర్టు మీద గూడ అదే ఉంటది. అవార్ నేనెన్నడు వినలె."

"పాతది బావా. ఓడలెక్కి ఇటలీ పోయి, ఫ్రాన్స్ పోయి, ఇంగ్లీషుల యావరేజ్ అయి కూసుంది. నాకంటె ముందే దేశాలు తిరిగింది!"

"పాడైన సరుకు సగటెట్లయితది?"

"గదే మజా. తుఫాన్ల ఓడ మునుగుతదంటె కొంత సరుకు సముద్రంల పడేస్తరు. ఎవని మూట పడితె వాడొక్కడే మునగాల్నా? ఓడల సరుకున్నోళ్లందరు ఆ నష్టం తలా ఇంత పంచుకోవాలె. ఆ వాటా పేరే యావరేజ్. బావా? ఉన్నవా?"

"ఉన్న."

"ఏడుస్తున్నవా?"

"దుమ్ము."

"బావా."

"నర్సింలన్న ఎరుకే గద?"

"ఎరుకెందుకు లేదు? ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అన్న. తన లీవు నీకిచ్చిండు గనకనే గద ముహూర్తానికి నువ్వు దొరికినవ్."

"తప్పంత ఆయన మీద రాయమంటున్నరు ఆఫీసోళ్లు. ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతరట. పందొమ్మిదేండ్ల నౌకరి."

"ఆయన పడేసిండా?"

"బేసిన్ల పెట్టెలు రెండు వరుసలకంటె ఎక్కువ పేర్చొద్దని రూలు. బయట ట్రైలర్లు ఆగినయని, మూడో వరుస ఎక్కియ్యమని నేనే అన్న. 'వద్దు తమ్మీ, ఊగుతది' అన్నడు. నేనే గదిమిన."

"మరి ఆయన చెప్పలేదా వాళ్లకు?"

"చెప్పలె. 'మరదలస్తది గద, ఊకో' అన్నడు."

"నా కోసమా?"

"నీ కోసమే లతా. ఆయన పేరొక్కటే రాస్తె, ఆయన భార్య ముత్తవ్వ వదినకు నా ముఖమెట్ల చూపియ్యాలె? నిజం రాస్తె..."

"రాస్తె?"

"ఇద్దరి తప్పంటరు. జీతం కోసి ఇద్దర్ని ఉంచుతరు. నీ వీసాకు ఇచ్చిన కాగితం మాత్రం కంపెనీ వాపస్ తీసుకుంటది, వీసా రద్దయితది. రెండేండ్లు మల్ల అడగద్దు."

"రెండేండ్లా?"

"రెండేండ్లు."

"వాడకట్టంత చెప్పిన బావా. కిరాణం కొట్టాయనకు గూడ చెప్పిన."

"అందుకే పొద్దటి సంది కలం పట్టుకోని కూసున్న."

"ఎప్పటికియ్యాలె?"

"రేపు ఎనిమిదింటికి."

"ఇద్దరి పేర్లు రాయి."

"ఫారం మీద పేరుకు ఒక్క గీతే ఉంది లతా."

"ఒక్క గీత మీద రెండు పేర్లు పట్టవా? మన పెండ్లిపత్రిక మీద పట్టలేదా?"

"ఏం చప్పుడది?"

"సూట్‌కేసు జిప్పు తీస్తున్న. నువ్వక్కడ రాయి బావా, నేనిక్కడ పసుపు చీర మల్ల బీరువాల పెడత."