దాచడం మానేసిన మాణిక్యాంబ గారు

1971 ఆగస్టు తొమ్మిదవ తేదీ సోమవారంనాడు కుమారి మాణిక్యాంబగా మన ఫైలేరియా నియంత్రణ విభాగంలో ప్రయోగశాల సహాయకురాలి పదవిని స్వీకరించిన శ్రీమతి మాణిక్యాంబ గారు, 2006 జూన్ ముప్పయ్యవ తేదీన సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ ఆమె సూక్ష్మదర్శిని కింద ఎన్ని రక్తపు చుక్కలు చూశారో లెక్క కట్టడం మా వల్ల కాదు. ఎంతమందితో పోట్లాడారో చెప్పడం అంతకన్నా కష్టం. ఇటువంటి అభినందన వ్యాసాలలో సౌమ్యతను, సహనాన్ని, మృదుభాషణాన్ని ప్రస్తుతించడం మర్యాద. మాణిక్యాంబ గారి విషయంలో ఆ మర్యాదను పాటిస్తే అబద్ధమాడినవాళ్ళమవుతాం. ఆమె మొండి మనిషి. ఆ మొండితనానికే ఈ సన్మానం.

రామచంద్రపురం దాపున, పంటకాలువ గట్టు మీది ఒక పల్లెలో, వరి సాగు చేసుకునే కుటుంబంలో ఆమె జన్మించారు. ఇంటి వెనుక కదలని మురుగు, సాయంకాలమైతే చెవుల చుట్టూ దోమల మోత ఆ ఊళ్ళో ఎవరికీ వింత కాదు. పదహారవ యేట ఆమెకు వణుకుతో కూడిన జ్వరం వచ్చి, ఎడమవైపు గజ్జల్లో బిళ్ళ కట్టింది. పసుపు పట్టు వేసిన తల్లి, ఈ సంగతి గడప దాటరాదని ఆజ్ఞాపించారు. జ్వరం తగ్గింది, కొన్ని నెలలకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. వచ్చిన ప్రతిసారీ పాదం మీద కాస్త వాపు తేవడం, పోయేటప్పుడు అందులో కొంత విడిచిపెట్టి పోవడం దానికి అలవాటైపోయింది. చదువు ముగిసేనాటికి ఆ వాపు మోకాలి వరకు స్థిరపడింది. ఊరి భాషలో దానిని బోదకాలు అంటారు.

ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి, "ఈ కాలుతో ఊళ్ళు తిరగగలవా అమ్మాయ్?" అని అడిగారట. "ఈ కాలుతోనే కాలేజీకి తిరిగానండి," అని ఆమె సమాధానమిచ్చారు. ఉద్యోగం వచ్చింది.

అంతటి జవాబు చెప్పిన మనిషి కూడా తొలి పాతికేళ్ళు ఆ కాలును దాచుకునే తిరిగారు. చీర కుచ్చిళ్ళు నేలను ఊడ్చేంత కిందికి కట్టేవారు. కార్యాలయంలో గ్రూపు ఫొటో తీస్తే వెనుక వరుసలో నిలబడేవారు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడేవారు కాదు, ఆ మౌనమే మర్యాద అని అందరూ అనుకునేవారు. 1976లో ఆమెను వివాహమాడిన వీరవెంకటసత్యనారాయణ మాస్టారు మాత్రం ఆ మర్యాదను లక్ష్యపెట్టలేదు. ఆమె రెండు పాదాలకు ఒకే జత చెప్పులు సరిపడవు గనుక, ఆయన ప్రతిసారీ రెండు వేర్వేరు సైజుల జతలు కొని, ఒక్కో దానిలోంచి ఒకటి తీసి ఇచ్చేవారు. మిగిలిన చెప్పులన్నీ అటకెక్కేవి. "నీలాగే, కుడి ఎడమలు తేడాగా ఉన్న ఇంకో మహాతల్లి దొరికితే ఇవన్నీ ఇచ్చేద్దాం," అని మాస్టారు నవ్వేవారట. ఆ కాలు గురించి నలుగురిలో కాకపోయినా ఇద్దరిలోనైనా నవ్వుకోవచ్చునని తనకు అప్పుడే తెలిసిందని ఆమె చెబుతారు.

ఫైలేరియా క్రిములు రాత్రివేళ మాత్రమే రక్తంలోకి వస్తాయి గనుక రక్తపరీక్షలు రాత్రులే జరపాలి. మగ సిబ్బంది తలుపు తడితే ఆడవాళ్ళు బయటికి రాని రోజులలో, ఎనభయ్యవ దశకమంతటా, ఇంటింటికీ వెళ్ళి వారి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకున్నది మాణిక్యాంబ గారే. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి వల కట్టమని, పెరట్లో మురుగు నిలవనివ్వవద్దని, దోమతెర మనుషులకే గాని మంచానికి అలంకారం కాదని ఆమె చెప్పని ఇల్లు మన పరిధిలో లేదు. చెబితే విననివారిని కోప్పడడం, కోప్పడినా విననివారి పెరట్లోకి తానే పార పట్టుకుని దిగడం ఆమె పద్ధతి.

1996 వర్షాకాలం చివర సత్తెమ్మలంక గ్రామంలో తీసిన రక్తనమూనాలలో ఒకదానిలో క్రిములు కనిపించాయి. ఆ రక్తం రమ్యశ్రీ అనే పంతొమ్మిదేళ్ళ డిగ్రీ విద్యార్థినిది. మందులు తీసుకుని మాణిక్యాంబ గారు, ఫైలేరియా ఇన్‌స్పెక్టరు సుధాకర్ గారు ఆ ఇంటికి వెళ్ళారు. అమ్మాయి తల్లి సుబ్బాయమ్మ గారు వారిని వీధి అరుగు దగ్గరే ఆపేశారు.

"మా పిల్లకేం లేదండి. మొన్న వానలో తడిసింది, జ్వరం వచ్చింది, తగ్గిపోయింది. మీరెళ్ళండి."

"జ్వరంతోపాటు గజ్జల్లో బిళ్ళ కట్టిందా అండి?" అని మాణిక్యాంబ గారు అడిగారు.

తలుపు వెనుక నిలుచున్న రమ్యశ్రీ తల దించుకుంది.

"ఇదే మొదటిసారా అమ్మా?"

"కాదండి. ఇదివరకూ వచ్చిందండి," అంది అమ్మాయి, వినీ వినపడకుండా.

"నువ్వు లోపలికెళ్ళవే!" అని తల్లి కసిరి, ఇటు తిరిగారు. "పిఠాపురం సంబంధం వాళ్ళు పిల్లని చూడ్డానికి వస్తామన్నారండి. మీరిలా మందుల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఊరంతా ఏమనుకుంటుందండీ? మీకేం, రాసుకుని పోతారు. మీ ఇంట్లో ఆడపిల్లకి వస్తే తెలిసేది!"

అప్పటికే ఇరుగుపొరుగు చేరారు. మాణిక్యాంబ గారు అరుగు మీద కూర్చుని, చీర అంచును మోకాలి దాకా పైకి తీశారు. అంతవరకు ఆ కాలును ఇంటివారు, వైద్యులు తప్ప వెలుగులో చూసినవారు లేరు.

"వచ్చిందండి మా ఇంట్లో ఆడపిల్లకి. నాకే వచ్చింది. సరిగ్గా చూడండి. నాకూ మొదట ఇలాగే జ్వరం, ఇలాగే బిళ్ళ. మా అమ్మ కూడా మీలాగే ఎవరికీ చెప్పొద్దంది. నా మంచి కోరే అంది. మేం దాచాం. కాలు దాగిందాండీ?"

మాణిక్యాంబ గారు మందుల పెట్టె తెరిచారు.

"దీన్ని ఇప్పుడు ఏ డాక్టరూ మామూలు కాలు చెయ్యలేరు. మీ అమ్మాయి కాలు ఇంకా బాగానే ఉంది. ఈ మాత్రలు ఇవాళే మొదలుపెట్టండి. మీకు కోపమొస్తే రోజూ తిట్టండి, నేను రోజూ వస్తాను. తిట్లకి భయపడి పోయే మనిషిని కాదు."

సుబ్బాయమ్మ గారు అరుగు దగ్గరకు వచ్చి ఆ కాలు వంక చూశారు. "నొప్పెడుతుందా అండి?" అని అడిగారు.

"జ్వరం వచ్చినప్పుడు బాగా నొప్పండి. మిగతా రోజుల్లో బరువంతే. చూసేవాళ్ళ చూపులే ఎక్కువ నొప్పి."

"లోపలికి రండి," అన్నారు సుబ్బాయమ్మ గారు. "కాసిని మంచినీళ్ళు తాగుదురు గాని."

రమ్యశ్రీ మందులన్నీ సక్రమంగా వాడింది. ఆ జ్వరం మళ్ళీ రాలేదు. పాదానికి వాపు రాలేదు. పిఠాపురం వారికి సుబ్బాయమ్మ గారు తానే విషయం చెప్పారు. వారు తిరిగి కబురు పంపలేదు. "పోనివ్వండి, పిల్ల కాళ్ళ మీద పిల్ల నిలబడింది, అది చాలు," అని ఆవిడే మన కార్యాలయానికి వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. రమ్యశ్రీ గారు నేడు తణుకులో ఉపాధ్యాయురాలు. ఈ సంచికలో తన ప్రస్తావనకు అనుమతి కోరినప్పుడు, "పేరుతో సహా వేయండి. నాకూ దాచడం ఇష్టం లేదు," అన్నారు.

ఆ రోజు తరువాత మాణిక్యాంబ గారి చీర అంచు చీలమండకు పైనే నిలిచింది. గ్రూపు ఫొటోలలో ముందు వరుస కుర్చీ ఆమెదైంది. బోదకాలు ఉన్నవారిని కార్యాలయానికి పిలిచి, సబ్బుతో పాదం కడుక్కోవడం, వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్దుకోవడం, చిన్న పగులుకైనా వెంటనే మందు రాయడం తన కాలు మీదే చేసి చూపించసాగారు. ఇళ్ళలో మూలన కూర్చున్నవారు బయటికి రావడం అప్పుడే మొదలైంది. వారిలో ఒకరు జాలిగా మాట్లాడబోతే, "జాలి పడితే వాపు దిగదండి. సబ్బు తెచ్చారా?" అన్నారామె.

2004లో ఊరూరా అందరి చేతా ఏడాదికొకసారి ఫైలేరియా క్రిములను చంపే డి.ఇ.సి. మాత్రలు మింగించే కార్యక్రమాన్ని మన విభాగం చేపట్టినప్పుడు వదంతులు కూడా ఊరూరా తిరిగాయి. ఆ కార్యక్రమానికి ముందు, పర్యవేక్షణకు వచ్చిన ఒక పై అధికారి మాణిక్యాంబ గారిని పిలిచి, "ఏమీ అనుకోవద్దు మేడమ్. మీ కాలు చూస్తే జనానికి మందు మీద నమ్మకం పోతుంది. ఆ రోజు మీరు స్టోరులో మాత్రలు సర్దండి," అన్నారు. ఆయన స్వరంలో దురుసుతనం లేదు. నిజంగానే అలా నమ్మారు.

"స్టోరు తాళం ఇంకెవరికైనా ఇవ్వండి సార్. నేను ఊళ్ళోకి వెళతాను," అన్నారు మాణిక్యాంబ గారు.

వెళ్ళారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఒక మత్స్యకార గ్రామంలో, వలలు ఆరబెట్టే చోట సభ జరిగింది. అధికారి ఏ మాటకైతే భయపడ్డారో, ఆ మాటే అక్కడ వచ్చింది. గ్రామపెద్ద గంగరాజు గారు లేచి నిలబడ్డారు.

"మేడంగారండి, ఓ మాటడుగుతాను, కోప్పడకండి. ఇన్నేళ్ళు ఆ డిపార్ట్‌మెంటులోనే చేశారు. మీ కాలే మీరు తగ్గించుకోలేకపోయారు. మాకేం తగ్గిస్తారండి?"

జనం ఘొల్లున నవ్వారు. అధికారి తల పక్కకు తిప్పుకున్నారు. మాణిక్యాంబ గారు లేచి, అందరికీ కనబడేలా ముందుకు వచ్చి నిలుచున్నారు.

"తగ్గించలేనండి గంగరాజు గారూ. ఆ మాట చెప్పడానికే వచ్చాను. ఇది ముదిరాక పోదు. పోయేదే అయితే, మీకు వచ్చాకే మందు తెచ్చేదాన్ని. ఇంత ఎండలో ఇప్పుడు మోసుకురావడం దేనికి? మీ కాళ్ళు బాగున్నాయి. బాగున్నాయి గనకే వచ్చాను."

నవ్వు ఆగింది. మరొకరు, "మింగితే జొరం వత్తాదంటున్నారండి?" అన్నారు.

"కొంతమందికి వస్తుంది. లోపల క్రిములుంటే, అవి చచ్చేటప్పుడు ఒకటి రెండు రోజులు జ్వరం, తలనొప్పి, వాంతి ఉండొచ్చు. అన్నం తిని మింగండి. కడుపుతో ఉన్నవాళ్ళకి, రెండేళ్ళలోపు పిల్లలకి, జబ్బుతో మంచాన పడ్డవాళ్ళకి అడిగినా ఇవ్వను. రేపు కూడా ఇక్కడే ఉంటాను. ఎవరికి బాగోకపోయినా డాక్టరు గారిని వెంటబెట్టుకొస్తాను."

"పిల్లలు పుట్టరంట కదండీ?" అని వెనుక నుంచి ఒక ఆడగొంతు.

"నేను పెళ్ళికి ముందూ మింగాను, తరవాతా మింగాను. మా అమ్మాయి సుప్రియ కాలేజీలో చదువుతోంది. పిలిపించమంటారా?"

ఈసారి నవ్వు వేరే రకంగా వచ్చింది. గంగరాజు గారు చెయ్యి చాపారు. "ఆయ్, ఇలాగివ్వండి," అని అందరి ముందూ మాత్రలు నోట్లో వేసుకుని, ఆ చేదుకు ముఖం చిట్లించి, ఇంకో గ్లాసు నీళ్ళు అడిగారు. ఆయన వెనుక వరుస కట్టారు. అందరూ మింగారని చెప్పడం అతిశయోక్తి. కొందరు మాత్రలు పిడికిట్లో పెట్టుకుని జారుకోబోయి, ఆమె కంటబడి వెనక్కి వచ్చారు. కొందరు కంటబడకుండానే పోయారు. మర్నాడు ఇద్దరికి జ్వరం వచ్చింది. మాట ఇచ్చినట్టుగానే మాణిక్యాంబ గారు డాక్టరు గారితో ఆ ఇళ్ళ ముందున్నారు.

ఆదేశాన్ని ఉల్లంఘించినందుకు ఆమెకు మెమో అందింది. దానికి ఆమె రాసిన సమాధానాన్ని మన కార్యాలయంలో నేటికీ కంఠస్థంగా చెప్పేవారున్నారు: "స్టోరు విధికి హాజరు కాని మాట వాస్తవం. గ్రామంలో నా కాలు ప్రజలకు కనిపించిన మాట కూడా వాస్తవం. ఇకముందూ కనిపిస్తుంది." ఆ తరువాత ఆ విషయమై ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. మరుసటి ఏడు మాత్రల పంపిణీకి అన్ని గ్రామాల నుంచీ ఆమెనే పంపమని కోరారు.

ఈ సంచిక కోసం ఆమెను సంప్రదించినప్పుడు, "నన్ను పొగడ్డం ఎందుకండీ? ఆ చోటులో లక్షణాలు అచ్చు వేయండి, నలుగురికి పనికొస్తుంది," అని కసురుకున్నారు. పొగడ్త మానడం మా వల్ల కాలేదు గాని, ఆజ్ఞను కొంతైనా పాటిస్తున్నాం. వణుకుతో జ్వరం వచ్చి గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ళ కడితే, కాలి మీద ఎర్రని చార నొప్పితో పాకితే, పాదం వాచి వేలితో నొక్కిన చోట గుంట పడి నిలిస్తే, దానిని వానకో ఎండకో ముడిపెట్టి ఊరుకోవద్దు; రక్తపరీక్ష చేయించుకోండి. వాపు మెత్తగా ఉన్నప్పుడే వైద్యం చేతికి చిక్కుతుంది. ఈ లక్షణాలేవీ లేనివారు ఏటా మాత్ర మింగండి. సిగ్గు పడవలసి వస్తే ఇంటి చుట్టూ నిలిచిన మురుగును చూసి పడండి, వాచిన కాలును చూసి కాదు.

శ్రీమతి మాణిక్యాంబ గారికి, వీరవెంకటసత్యనారాయణ మాస్టారికి, చిరంజీవి సుప్రియకు మన విభాగం పక్షాన హృదయపూర్వక నమస్సులు. విశ్రాంతి తీసుకోమని చెప్పే సాహసం మేము చేయము; గురువారం గురువారం సబ్బు, గుడ్డ పట్టుకుని గ్రామాలకు వెళతానని ఆమె అప్పుడే ప్రకటించారు. ఆ గ్రామాల దారులన్నీ ఆమెకు సుగమమగుగాక. ఆరోగ్యం ఆమె వెంట నిండు నూరేళ్ళు నడుచుగాక. పసిబిడ్డగా నేడు ఈ డెల్టాలో కళ్ళు తెరిచిన తరం బోదకాలు అంటే ఏమిటని పెద్దలను అడగవలసి వచ్చే రోజును ఆమె కళ్ళారా చూచుగాక. ఆనాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది కూడా ఆమే కావాలని, ఎప్పటిలాగే గొంతు తగ్గించకుండా చెప్పాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.