గేటు దగ్గర మనుషులు

సత్తెనపల్లిలో ఇంటి ముందుగదిని అట్టముక్కలతో కట్టిన విమానాశ్రయంతో నింపేసిన ఆయన, అసలుది ఎలా నడుస్తుందో చూడటానికి ఆదివారం గన్నవరం వచ్చాడు. ఈసారి భార్య కూడా తోడొచ్చింది. సాయంత్రం ఇద్దరూ బస్టాపులో కూర్చున్నారు.

"ఏం తేల్చారండీ?"

"మన దాంట్లో విమానాలు మరీ ఎక్కువైపోయాయి. ఇక్కడ ఒకటి లేచాక చాలాసేపు రన్‌వే ఖాళీగానే ఉంటోంది. సగం తీసేస్తా."

"అయ్యో, నెలల తరబడి కూర్చుని చేశారు కదండీ!"

"నిజంగా ఉన్నట్టుండాలి కదా. అవునూ, ఇంతసేపూ నువ్వెక్కడున్నావ్?"

"గేటు దగ్గర. ఒకామె కూతురి కోసం గోంగూర పచ్చడి తెచ్చింది. చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరని ఎవరో చెబితే, ఆ పిల్ల సీసా తిరిగిచ్చేసి లోపలికెళ్లిపోయింది. పాపం, ఆమె సీసా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది."

"తర్వాత?"

"ఒక్కతే ఉందని నేనెళ్లి పక్కన నిలబడ్డా. విమానం లేచాక ఇద్దరం టీ తాగాం."

"మన గేటు దగ్గర నేను మనుషుల్నే పెట్టలేదు."

"నేనెప్పుడో చూశాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

"ఆమెను నువ్వు చేస్తావా? నాకు మనుషుల్ని చేయడం రాదు."

"చేస్తాను. కానీ ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా 'అది ముట్టుకోకు, ఇది ముట్టుకోకు' అనకూడదు."

"అంతగా అంటున్నానా?"

"అంటున్నారు."

"ఇంక అననులే."